పల్లీసభలో వద్దని రాసిచ్చాం, అయినా 400 కేవీ లైనుకి రాయి పాతేశారు. ఆ తీర్మానానికి విలువ ఉందా?

గోసాని వార్డు మెంబరు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లా, గోసాని బ్లాకు. పర్లాకిమిడికి ఆటోలో పావుగంట. 2022 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకి పడితే నన్ను నిలబెట్టారు, గెలిచాను. ఏడో క్లాసు దాకా తెలుగు, ఆ తర్వాత ఒడియా చదివాను. అందుకని ఊళ్ళోకి ఏ సర్కారు కాగితం వచ్చినా ముందు మా వాకిట్లోకే వస్తుంది. మా పెద్దవాళ్ళకి ఒడియా మాట వచ్చుగానీ అక్షరం రాదు.

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి మా మావయ్యగారు పొలం నుంచి గబగబా వచ్చి, "అమ్మా, ఆంధ్రావాళ్ళు మన చెరువు గట్టు మీద రాయి పాతేసినారు" అన్నారు. వెళ్ళి చూస్తే సిమెంటు దిమ్మ, దాని మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు అక్షరాల్లో ఏపీ 37. కొరాపుట్ వైపు కొటియా ఊళ్ళ కోసం రెండు రాష్ట్రాలూ కొట్టుకోవడం ఎప్పుడూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. 2021లో ఆంధ్రావాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టారు. ఇక మన వంతు వచ్చిందనుకున్నాం. సరపంచ్‌గారు తహసీల్దారుకి ఫోను చేశారు. కుర్రాళ్ళు దిమ్మ పీకేస్తామని గునపాలు తెచ్చారు. నేనే ఆపాను.

రెండు రోజులకి మూడు కాళ్ళ స్టాండు మీద మిషను పెట్టుకుని నలుగురు దిగారు. అప్పుడు తెలిసింది, రాష్ట్రాల గొడవ కాదు, కరెంటు లైను. 400 కేవీ అట. కొండల మీంచి దిగి, మా పొలాల మీదుగా మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రాలోకి పోతుందట. ఎవరిది, ఎందుకు అంటే "కంపెనీది" అన్నారు తప్ప ఇంకో ముక్క లేదు.

పల్లీసభ, అంటే మా ఒడిశాలో ఊరివాళ్ళంతా కూర్చునే సభ, పెట్టాం. నేను చూసిన సభల్లో అంత మంది రావడం అదే మొదలు. ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. "ఈ పల్లీసభ ప్రతిపాదిత విద్యుత్ లైనును తీవ్రంగా వ్యతిరేకిస్తున్నది" అని పంచాయతీ ఆఫీసరు ఒడియాలో ఒక వాక్యం రాశారు. సంతకాలు, వేలిముద్రలు కలిపి మూడు పేజీలు. పై ఆఫీసులకీ కంపెనీకీ కాపీలు పంపాం. నెలన్నరకి జవాబొచ్చింది. అందులో ఉన్నదల్లా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మాకు అధికారం ఉంది, సహకరించగలరు అని. 1885! మా అత్తగారి అత్తగారు కూడా పుట్టి ఉండరు.

ఇక నా సొంత బాధ కూడా చెప్పాలి, దాచుకుంటే బాగుండదు. గట్టు కింద మాకు ఎకరా ఇరవై సెంట్ల కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో పాత తోటంతా పడగొట్టేసింది. మొదళ్ళు తవ్వించడానికే చెట్టుకింత అని ఎదురు డబ్బు ఇచ్చుకున్నాం. 2019లో మళ్ళీ మొక్కలు వేశాం. వేసవిలో కావిడితో నీళ్ళు మోశాం. ఇప్పుడిప్పుడే గెలలు దిగుతున్నాయి. మిషను వాళ్ళు ముగ్గు పోసిన గీత సరిగ్గా తోట మధ్యలోంచి పోయింది. గీతకి అటూ ఇటూ 23 మీటర్లు చెట్టు ఉండకూడదట. నేను లెక్కపెట్టాను, 43 చెట్లు.

టీ బడ్డీ దగ్గర ఒకాయన "నియమగిరిలో గని తవ్వద్దని 12 పల్లీసభలు అన్నాయి, వేదాంత అంతటి కంపెనీ వెళ్ళిపోలేదా, మనమూ అంతే" అంటున్నారు. నిజమేనా? మా తీర్మానానికి ఆ బలం ఉందా, లేక బీరువాలో పెట్టుకునే కాగితమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

టవర్ మేస్త్రి, టెక్కలి:

అమ్మా, నాను ముప్ఫై రెండేళ్ళు టవర్ లైన్ల పన్లోనే బతికినాను. గ్యాంగులో కూలీగా ఎక్కి సైటు సూపర్‌వైజరుగా దిగినాను. ముందుగా ఆ రాయి సంగతి సెప్తాను, నవ్వుకోండి. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, యాంగిల్ పాయింట్. లైను తిన్నగా పోయి పోయి ఎక్కడ మలుపు తిరుగుద్దో అక్కడ పాతే రాయి. 37 అంటే మొదట్నుంచి ముప్ఫై ఏడో మలుపు. దాని తర్వాత వచ్చే తిన్నటి టవర్లకి 37/1, 37/2 అని నంబర్లు పడతాయి. మా రోజుల్లో బొబ్బిలి వైపు ఇలాంటి రాయిని ఎవరో దేవుడనుకుని పసుపు రాసి కొబ్బరికాయ కొట్టేసినారు. మీవోళ్ళు గునపాలే కదా తెచ్చింది.

నవ్వులాట అలా ఉంచండి. ఆ రాయి మీకు శానా ముఖ్యం. ఎందుకంటే లైనును జరపాలంటే మలుపు దగ్గరే జరపాలి. మద్దెలో ఉన్న టవరుని పక్కకి లాగలేం, అది రెండు మలుపుల మద్దె తాడు మీద ఉన్నట్టే. 37ని జరిపితే 36 నుంచి 37కీ, 37 నుంచి 38కీ గీత మారిపోద్ది. రాళ్ళు పాతి, సెక్ సర్వే (గీత మీద మళ్ళీ కొలిచి టవర్ల సోటు కాయం సెయ్యడం) అవ్వకముందు ఇది కాగితం మీద పని. సెక్ సర్వే అయితే కొంచెం కష్టం. గొయ్యి తవ్వి స్టబ్ (టవరు కాలు మొదలు) పెట్టి కాంక్రీటు పోసేసినాక బెమ్మదేవుడొచ్చినా జరగదు. మీకున్న టైము అదే. "వద్దు వద్దు" అని ఆ టైము కాస్తా పోగొట్టుకున్న ఊళ్ళు నాను శానా సూసినాను. ఆళ్ళు రోడ్డు మీద కూకుంటారు, పోలీసులొస్తారు, నాలుగు రోజులాగి పని జరిగిపోద్ది. పక్కూరోడు సప్పుడు సెయ్యకుండా గీతని తన బోరు మీంచి తప్పించుకుని ఉంటాడు.

కొబ్బరి మాత్రం తీగ కింద ఉండనివ్వరు. 400 కేవీ తీగ బాగా వేలాడిన సోట కూడా నేలకి 8.84 మీటర్లు ఉండాలి, అంతకన్నా దిగకూడదు. కొబ్బరి సెట్టు అంతకి రెట్టింపు ఎదుగుద్ది. వరి, మిరప, పెసలు వేసుకోవచ్చు, నాగలి తిప్పుకోవచ్చు. వానాకాలం తీగలు జుయ్యిమంటాయి, దానికి బయపడకండి, తడి గాలికి వచ్చే సప్పుడది. ఇనప కంచె మాత్రం తీగ కింద పొడుగునా వేస్తే నేలకి ఎర్తు కట్టించుకోండి, నేకపోతే ముట్టుకుంటే సురుక్కుమంటాది.

చెట్టు కింద ప్లీడరు:

మెంబరుగారూ, చేదుగా ఉన్నది ముందు చెప్పేస్తాను.

నియమగిరి మీకు పనికిరాదు. అక్కడ అడవి భూమి, గని తవ్వకం, డోంగ్రియా కోందులనే ఆదివాసీల హక్కులు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలే తేల్చాలని చెప్పింది, అందుకే ఆ 12 సభల మాటకి అంత బరువొచ్చింది. మీది జిరాయితీ భూమి. పైగా కరెంటు లైన్లు, రోడ్లు, కాలవల వంటి వాటికి అడవిలో కూడా గ్రామసభ ఒప్పుదల అక్కర్లేదని అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. బాగా వెనకబడిన ఆదిమ తెగల హక్కులు తగిలితేనే మినహాయింపు. మన జిల్లాలోనే గుమ్మా, రాయగడ బ్లాకులు, ఆర్. ఉదయగిరి వైపు షెడ్యూల్డు ప్రాంతం, అక్కడ గిరిజన గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం ఉంది. కొండ మీద ఆ ఆదిమ తెగల్లో ఒకటైన లంజియా సవర ఊళ్ళ మీంచి ఇదే లైను వస్తుంటే వాళ్ళ సభ మాట వేరు. కిందకి దిగాక గోసానిలో ఆ రక్షణ లేదు. ఒకే జిల్లా, ఒకే లైను, గంట ప్రయాణంలో పల్లీసభ బలం మారిపోతుంది.

1885 చట్టం సంగతి. 2003 విద్యుత్ చట్టంలో 164వ సెక్షను ఉంది. దాని కింద సర్కారు ఉత్తర్వు ఇస్తే, లైను వేసే కంపెనీకి పాత టెలిగ్రాఫ్ శాఖ అధికారాలన్నీ వస్తాయి. 2023లో కొత్త టెలికాం చట్టం చేసినప్పుడు కూడా ఈ లైన్ల కోసం పాత చట్టం మూడో భాగాన్ని అలాగే ఉంచారు. ఈ అధికారం ఉన్న కంపెనీ భూమి యజమాని ముందస్తు ఒప్పుదల తీసుకోనక్కర్లేదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో చెప్పేసింది. ఎవరైనా అడ్డుకుంటే 1885 చట్టం 16వ సెక్షను కింద కలెక్టరు ఉత్తర్వు తెచ్చుకుంటారు. పరిహారం చాల్లేదంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళాలి, పంచాయతీకి కాదు. అందుకే మీ ఒక్క వాక్యం తీర్మానాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి మొదటి పని, ఆ 164 ఉత్తర్వు కాపీ చూపించమని రాతపూర్వకంగా అడగండి. అది లేకపోతే విద్యుత్ చట్టం కింద చేసిన 2006 నాటి రూల్సు వర్తిస్తాయి. వాటి ప్రకారం యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే కలెక్టరు రాతపూర్వకంగా అనుమతివ్వాలి. అప్పుడు మీ చేతిలో కొంచెం ఎక్కువ పట్టు ఉంటుంది.

ఇప్పుడు తీపి కబురు. మీరు రాసిందాంట్లో నేను రెండుసార్లు చదివిన మాట ఒకటుంది, "చెరువు గట్టు మీద". ఆ చెరువు ఎవరిది? మీరంతా వెక్కిరించే ఆ 1885 చట్టంలోనే 10వ సెక్షను (సి) క్లాజు ఏమంటుందంటే, స్థానిక సంస్థకి చెందిన ఆస్తి గానీ, దాని అజమాయిషీలో, నిర్వహణలో ఉన్న ఆస్తి గానీ అయితే ఆ సంస్థ అనుమతి లేకుండా అధికారం వాడకూడదు. 12వ సెక్షను ప్రకారం ఆ సంస్థ షరతులు కూడా పెట్టొచ్చు, ఖర్చు విషయంలో, పని చేసే వేళ, పద్ధతి విషయంలో. పేచీ వస్తే కేంద్రం నియమించిన అధికారి తేలుస్తాడు, అంటే చివరి మాట మీదే అని కాదు. కానీ మిమ్మల్ని అడగకుండా మాత్రం దిమ్మ పాతకూడదు.

చెరువు ఖతియాన్ (భూమి ఎవరి ఖాతాలో ఉందో చెప్పే రికార్డు) తీయించండి. పంచాయతీ పేరున ఉంటే సరే. సర్కారు ఖాతాలో ఉన్నా నిర్వహణ పంచాయతీదని చూపించే కాగితాలు ఉన్నాయా?

గోసాని వార్డు మెంబరు:

ప్లీడరుగారూ, ఉన్నాయి! చేపల వేలం ఏటా పంచాయతీయే వేస్తుంది. రసీదు పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి, పూడిక తీయించిన బిల్లులూ ఉన్నాయి. ఈ మాట రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. మేం తీసెయ్యాలనుకున్న రాయే మమ్మల్ని కాపాడేలా ఉంది.

ఉద్యోగి, బరంపురం:

ఒక మాట అంటే కోపం రాకూడదు. తిత్లీ తర్వాత కరెంటు లేక మనమందరం ఎలా ఉన్నామో మర్చిపోయారా? సెల్లు ఛార్జింగుకి జనరేటరు దగ్గర వరసలో నిలబడ్డాం. ఫ్యాను కావాలి, మోటారు కావాలి, లైను మాత్రం పక్కూరి మీంచి పోవాలి. ప్రతి ఊరూ ఇలాగే తీర్మానం చేస్తే టవర్లు ఆకాశంలో వేలాడదీస్తారా?

గోసాని వార్డు మెంబరు:

కోపం లేదు అన్నయ్యా, నిజమే కదా. కానీ ఈ 400 కేవీ మా ఊరి స్తంభానికి దిగదు. మాకొచ్చేది 11 కేవీ, అది ఇప్పటికీ గాలేస్తే పోతుంది. మేం మోసేది ఎవరి కరెంటో మాకు తెలీదు. మొయ్యం అని కూడా అనడం లేదు. సర్వే రాకముందు ఒక్కసారి పంచాయతీ ఆఫీసులో మ్యాపు పరిచి, ఇదిగో ఇటు వేద్దామనుకుంటున్నాం, చెరువెక్కడ, శ్మశానమెక్కడ, బోర్లెక్కడ అని అడిగుంటే మా మావయ్యగారే వేలు పెట్టి చూపించేవారు. పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళు కూడా ముందు కబురు పెడతారు కదా.

టవర్ మేస్త్రి, టెక్కలి:

ఉద్యోగి గారూ, ఆకాశంలో ఏలాడదీయక్కర్లేదు. ఏ లైనుకైనా ముందు మూడు దారులు గీసి అందులో ఒకటి ఎంచుతారు. ఆ మూడూ కాగితం మీద ఉంటాయి. మిగతా రెండూ సూపించమని అడగండి అమ్మా. ఎందుకు వద్దన్నారో అందులోనే రాసుంటాది.

సరిహద్దు రైతు, పాతపట్నం మండలం:

అక్కా, ఏటికి ఇవతల నుంచి రాస్తున్నాను. ఈ లైను మా మీంచే పోయేట్టుంది. పరిహారం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ పెట్టిన లెక్క, టవరు కాళ్ళ మధ్య నేలకి భూమి విలువలో 85 శాతం, తీగ కింద పట్టీకి ఎక్కువలో ఎక్కువ 15 శాతం. 2024 జూన్ 14న దాన్ని మార్చారు. టవరు కిందకి 200 శాతం, కాళ్ళకి అన్ని వైపులా ఒక మీటరు కలుపుకుని. పట్టీకి 30 శాతం. పంట, చెట్లు వీటికి బయట, వేరే లెక్క. ఏ రాష్ట్రం ఎంత ఇస్తుందనేది ఆ రాష్ట్రం జీవోని బట్టి ఉంటుంది. కాబట్టి మీ వైపు ఏ లెక్క కట్టారో రాతలో తీసుకోండి. నోటి మాటకి పాత పదిహేను శాతమే చెప్తారు.

అసలు చిక్కు శాతం దగ్గర కాదు, "భూమి విలువ" దగ్గర. మా వైపు రిజిస్ట్రేషను మార్కెట్ విలువ, మీ వైపు బెంచ్‌మార్క్ విలువ. ఆ ఏటికి ఇటూ అటూ ఒకే మట్టి, ఒకే పంట, కానీ కాగితం మీద విలువ ఒకటి కాదు. మీ పట్టాలో కిస్సం, అంటే నేల రకం, ఏమని ఉందో చూశారా? మా మేనత్తని అటే ఇచ్చాం. వాళ్ళ తోటకి పాతికేళ్ళ వయసు, పట్టాలో మాత్రం ఇంకా ఎండ నేలే.

గోసాని వార్డు మెంబరు:

తమ్ముడూ, నీ మాట చూసి రాత్రే ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో తీశాను. నువ్వన్నట్టే, మా కొబ్బరి తోట కిస్సం "తైల" అని ఉంది. మెట్ట నేల. ఎకరా ఇరవై సెంట్ల కొబ్బరి తోట సర్కారు కంటికి ఇంకా ఉలవలు చల్లే చెక్క.

లెక్క వేసుకున్నాను. గీత మా తోటలో 60 మీటర్ల పొడుగు పోతుంది, 46 మీటర్ల వెడల్పు, అంటే 68 సెంట్లు. ఎకరా ఆరు లక్షలు కట్టారనుకుంటే 68 సెంట్లకి నాలుగు లక్షల ఎనిమిది వేలు. అందులో 30 శాతం లక్షా ఇరవై రెండు వేలు. పాత 15 శాతమైతే అరవై ఒక్క వేలు. ఆ నేల నా పేరునే ఉంటుంది, శిస్తు నేనే కడతాను, కానీ ఇల్లు కట్టకూడదు, చెట్టు వెయ్యకూడదు. మావయ్యగారు విని, "అమ్మేసినట్టూ కాదు, ఉంచుకున్నట్టూ కాదు" అన్నారు.

చెట్టు కింద ప్లీడరు:

కిస్సం మార్పుకి దరఖాస్తు పెట్టండి. అది ఈ లోపు తేలదు, కానీ పెట్టిన తేదీ పనికొస్తుంది. రేపు జిల్లా జడ్జి ముందు తోట అని వాదించాలంటే ఫొటోలు, తిత్లీ నష్టం రాసిన పాత కాగితం, 2019లో మొక్కలు కొన్న రసీదు, అన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి.

తీర్మానం మళ్ళీ రాయండి. "తీవ్రంగా", "ముక్తకంఠంతో" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఫలానా ప్లాటు నంబరు చెరువు, ఇన్నేళ్ళుగా పంచాయతీ నిర్వహణలో ఉంది, ఇవి రసీదులు, ఏపీ 37 దాని గట్టు మీద పడింది, అనుమతి అడగలేదు, ఇవ్వలేదు. గట్టు తెగితే కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు పోతుంది. మలుపు ఫలానా చోటికి జరిపితే అభ్యంతరం లేదు. ఆ "ఫలానా చోటు" మీరే వెతకాలి. వద్దు అనడం సులువు, ఇక్కడ వద్దు అక్కడ వెయ్యి అనడం సభలో చాలా కష్టం. ఎందుకో మీకే తెలుస్తుంది.

గోసాని వార్డు మెంబరు:

(ఐదు వారాల తర్వాత)

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ప్లీడరుగారు చివర అన్న మాట ఎంత నిజమో చూశాను.

రెండో పల్లీసభ మొదటిదానిలా జరగలేదు. మొదటి రోజు అందరం ఒక్కటి. ఈసారి మ్యాపు పరిచేసరికి ఎవరి చెక్క దగ్గర వాళ్ళు నిలబడ్డారు. గట్టు నుంచి పడమటికి జరిపితే జీడితోటలున్నవాళ్ళు లేచారు. తూర్పుకి జరిపితే శ్మశానం. మా తోటి కోడలు పుట్టింటివాళ్ళ పొలం కూడా అటే, ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "మెంబరు తన కొబ్బరి కోసం ఊరిని తిప్పుతోంది" అని ఒకరన్నారు. ఆ మాట నా మొహం మీదే అన్నారు, అదీ నయమే. చివరికి కంకర తవ్వి వదిలేసిన గుట్ట ఉంది, దాని మీద మలుపు పెట్టుకోమని రాశాం. ఈసారి ఒడియాలో నేనే రాశాను, పంచాయతీ ఆఫీసరు తప్పులు మాత్రం దిద్దారు. ఒక పేజీ తీర్మానం, పదకొండు పేజీల రసీదులు.

పోయిన బుధవారం కంపెనీ నుంచి కాగితం వచ్చింది. సరపంచ్ పేరున, "అనుమతి కోరుతూ" అని. 164 ఉత్తర్వు కాపీ దాని వెనక గుచ్చారు. చట్టం పాతదే, కానీ ఈసారి "సహకరించగలరు" అన్న మాట లేదు. నిన్న మిషను వాళ్ళు గుట్ట ఎక్కారు. గట్టు మీది దిమ్మ ఇంకా అక్కడే ఉంది, దాని మీది ఎర్ర అక్షరాలు మాత్రం కొట్టేశారు.

కొత్త గీత మా తోటని పూర్తిగా వదల్లేదు. మూలగా కోసుకుంటూ పోతుంది. 43లో 11 పోతాయి. మావయ్యగారు పొద్దున్నే వెళ్ళి ఆ పదకొండింటికీ సున్నం బొట్లు పెట్టి వచ్చారు. మేస్త్రిగారూ, రేపు ఆర్‌ఐ చెట్లు రాసుకోవడానికి వస్తున్నారు. పదకొండులో ఏడు కాపు మీదున్నాయి, నాలుగు ఇంకా పువ్వు కూడా వెయ్యలేదు. గెల ఉన్నదానికీ లేనిదానికీ వేరువేరు లెక్క కడతారా? కడితే, ఆయన వచ్చేలోపు కాయలు దింపకుండా అలాగే ఉంచనా?

టవర్ మేస్త్రి, టెక్కలి:

ఒక్క కాయ కూడా దింపకండి అమ్మా. ఆయన ముందర లెక్కెట్టించి, పుస్తకంలో సెట్టుకో నంబరు ఏయించి, కాపు ఉన్నాయి కాపు నేనివి విడివిడిగా రాయించండి. సంతకం పెట్టేముందు ఆ పేజీని సెల్లులో ఫొటో తీసుకోండి.